సీబీపీ రిపోర్టులో ఎర్ర రక్తకణాలు: ఏ అంకె ముందు చూడాలి, ఏది తరువాత

మా పిన్ని బీరువాలో చీరల అడుగున ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ఇరవై ఏళ్ల రక్తపరీక్ష కాగితాలు. ప్రతి దాంట్లోనూ హిమోగ్లోబిన్ పదికీ పదకొండుకీ మధ్యే. ప్రతిసారీ ఐరన్ మాత్రలే. అవి మింగి మింగి కడుపులో మంట, మలబద్ధకం వచ్చాయి గానీ హిమోగ్లోబిన్ మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. "నా ఒంటికి రక్తం పట్టదురా" అని తనే తేల్చేసుకుంది.

నేను ల్యాబ్‌లో చేరిన రెండో ఏడు సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ కవరు నా చేతిలో పెట్టింది. పైనున్న కాగితంలో హిమోగ్లోబిన్ 10.9, పక్కన తక్కువ అని గుర్తు. ఆ కింది వరుసలోనే ఆర్‌బీసీ కౌంట్ 5.60, పక్కన ఎక్కువ అని గుర్తు. రక్తం తక్కువైన మనిషికి రక్తకణాలు ఎక్కువ ఎలా ఉంటాయి? ఇన్నేళ్లలో ఆ రెండు వరుసల్నీ కలిపి చదివినవాళ్లు లేరు. పిన్ని సంగతి మళ్లీ వస్తుంది. ముందు ఆ కాగితాన్ని వరుసగా ఎలా చదవాలో చూద్దాం.

మన దగ్గర ల్యాబుల్లో ఈ పరీక్షను సీబీపీ అంటారు, కంప్లీట్ బ్లడ్ పిక్చర్. కొన్నిచోట్ల సీబీసీ అని రాస్తారు. రెండూ ఒకటే. ఇందులో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా ఉంటాయి. ఈ వ్యాసంలో వాటి జోలికి పోను, ఒకటి రెండు చోట్ల తప్ప.

అంకెల కన్నా ముందు శాంపిల్

సీబీపీకి పరగడుపున రానక్కర్లేదు. టిఫిన్ తిని వచ్చినా అంకెలు మారిపోవు. షుగర్‌తో, కొలెస్ట్రాల్‌తో కలిపి ఇస్తారు కాబట్టి అన్నిటికీ ఖాళీ కడుపే అని జనంలో పడిపోయింది. రక్తం ఊదారంగు మూత ఉన్న చిన్న ట్యూబులో తీస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి దాంట్లో ఈడీటీఏ అనే మందు ఉంటుంది. ట్యూబు మీద గీత దాకా నింపి, వెంటనే నెమ్మదిగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి. అలా చేయకపోతే లోపల సన్నటి గడ్డలు కడతాయి, లెక్క తప్పుతుంది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే మరో చిక్కు. సెలైన్ కలిసి రక్తం పలచబడుతుంది, నిన్న 12 ఉన్న హిమోగ్లోబిన్ ఇవాళ 8 చూపిస్తుంది. ఇంటిల్లిపాదికీ టెన్షన్. రెండో చేతి నుంచి తీసి చూస్తే మళ్లీ 12. రాత్రికి రాత్రి పెద్ద తేడా వచ్చి, రక్తం పోయిన జాడ గానీ ఒంట్లో మార్పు గానీ ఏదీ లేకపోతే మందు కన్నా ముందు రీచెక్ అడగండి. అది మీ హక్కు. ఏ ల్యాబువాళ్లూ తప్పు పట్టరు, పట్టకూడదు.

మొదట హిమోగ్లోబిన్

రిపోర్టులో పైనుండేది, మనవాళ్లు "ఎన్ని పాయింట్లు ఉంది?" అని అడిగేది ఇదే. డెసీలీటరు రక్తంలో, అంటే 100 మిల్లీలీటర్లలో, ఎన్ని గ్రాముల హిమోగ్లోబిన్ ఉందన్నది ఆ అంకె. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కించుకుని ఒళ్లంతా పంచేది ఈ ప్రోటీనే. ఎర్రకణం దాన్ని మోసే సంచి.

మామూలుగా మగవాళ్లకు 13 నుంచి 17, ఆడవాళ్లకు 12 నుంచి 15 అని ల్యాబులు వేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మగవాళ్లకు 13 కన్నా, ఆడవాళ్లకు 12 కన్నా తగ్గితే రక్తహీనత. గర్భిణులకు ఆ గీత 11 దగ్గర ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలోని నీటిభాగం దాదాపు సగం వంతు పెరుగుతుంది, కణాలు అంతగా పెరగవు. పప్పులో నీళ్లు పోసినట్టు, పప్పు ఉన్నంతే ఉన్నా చారు పలచబడుతుంది. అందుకే ఆరో నెలలో 11.2 వచ్చిన అమ్మాయిని చూసి అత్తగారు కంగారు పడాల్సిన పని లేదు. అయినా ప్రభుత్వం ఇచ్చే ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్రలు 180 రోజులూ వేసుకోవాల్సిందే.

పసిపిల్లల సంగతి వేరు. పుట్టినప్పుడు 17, 18 ఉన్న బిడ్డకు రెండు మూడు నెలలు వచ్చేసరికి 10, 11కి దిగుతుంది. అది ప్రకృతి. పిల్లల రిపోర్టు పక్కన పెద్దల హద్దులే అచ్చువేసే ల్యాబులు ఉన్నాయి, జాగ్రత్త.

ఆ "నార్మల్" హద్దు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియాలి. ఆరోగ్యంగా ఉన్న 100 మందిని కొలిస్తే నడుమనున్న 95 మంది అంకెలు ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా ఉన్నాయో అదే హద్దు. అంటే ఏ జబ్బూ లేని 100 మందిలో ఐదుగురు ఎలాగూ బయట పడతారు. దశాంశం తేడాతో ఒక అంకె ఎర్రగా అచ్చయిందని నిద్ర మానుకోకండి.

విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నల రిపోర్టు ఫోన్‌లో చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో హిమోగ్లోబిన్‌ను లీటరుకు గ్రాముల్లో రాస్తారు. అక్కడి 124 ఇక్కడి 12.4. అమెరికాలో మనలాగే డెసీలీటరుకే.

తరువాత ఆర్‌బీసీ కౌంట్

ఒక మైక్రోలీటరు రక్తంలో, అంటే సూదిమొన మీద నిలిచేంత బొట్టులో, ఎన్ని ఎర్రకణాలున్నాయన్నది ఈ వరుస. 4.52 మిలియన్లు అని ఉంటే 45 లక్షల 20 వేలు. మగవాళ్లకు 4.5 నుంచి 5.5, ఆడవాళ్లకు 3.8 నుంచి 4.8 అని చాలా ల్యాబుల హద్దు. ఒక్కో కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. పోయినవాటి స్థానంలో ఎముక మజ్జ క్షణానికి 20 లక్షల చొప్పున కొత్తవి తయారు చేస్తూనే ఉంటుంది. తయారీని పెంచమని మజ్జకు చెప్పేది ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోను, అది వచ్చేది కిడ్నీల నుంచి. ఈ చివరి మాట తరువాత పనికొస్తుంది.

ఇంత పెద్ద లెక్క మనిషి చేసేది కాదు. పాతరోజుల్లో గళ్ల గాజుపలక మీద మైక్రోస్కోపు కింద లెక్కపెట్టేవాళ్లు. వాలెస్ కౌల్టర్ అనే అమెరికన్ ఇంజనీరుకు 1953లో పేటెంట్ వచ్చిన పద్ధతి ఆ కష్టం తీర్చింది. కరెంటు పారే ద్రవంలో సన్నటి రంధ్రం గుండా కణాలను ఒక్కొక్కటిగా పంపుతారు. కణం దూరినప్పుడల్లా కరెంటు ఒక్కసారి తడబడుతుంది. ఎన్నిసార్లు తడబడిందో అన్ని కణాలు. తడబాటు ఎంత పెద్దదో కణం అంత పెద్దది. ఇవాళ మన మండల కేంద్రంలోని ల్యాబు మిషన్ కూడా చాలావరకు ఈ కిటుకుతోనే నడుస్తుంది.

ఆర్‌బీసీ కౌంట్‌ను ఒంటరిగా చూసి ఏమీ తేల్చకండి. కణాలు ఎన్నున్నాయో అది చెబుతుంది గానీ ఒక్కోదాంట్లో సరుకు ఎంతుందో చెప్పదు. పది బస్తాలున్నాయంటే ధాన్యం ఎంతుందో తెలిసినట్టా? బస్తాలు సగం ఖాళీగా ఉండొచ్చు.

మూడుతో హెచ్చవేసి చూడండి

ఇక్కడ ల్యాబులో మేం రోజూ చేసే చిన్న పరీక్ష ఒకటుంది. కణాలు మామూలు సైజులో ఉంటే ఆర్‌బీసీ కౌంట్‌ను మూడుతో హెచ్చవేస్తే దాదాపు హిమోగ్లోబిన్ రావాలి. హిమోగ్లోబిన్‌ను మూడుతో హెచ్చవేస్తే దాదాపు పీసీవీ రావాలి. పీసీవీ అంటే రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించిన భాగం ఎంత శాతమన్నది. కొన్ని రిపోర్టుల్లో హెమటోక్రిట్ అని ఉంటుంది. మగవాళ్లకు 40 నుంచి 50, ఆడవాళ్లకు 36 నుంచి 46.

ఉదాహరణకు ఆర్‌బీసీ 4.6, హిమోగ్లోబిన్ 13.8, పీసీవీ 41. లెక్క కుదిరింది. కుదరకపోతే రెండే దారులు. కణాల సైజులోనో, లోపలి సరుకులోనో తేడా ఉండాలి. లేదంటే శాంపిల్‌లోనో, మిషన్‌లోనో తేడా ఉండాలి. రెండోదానికి నా కళ్లముందు జరిగినది చెబుతాను.

ఒక జనవరి పొద్దున ఐసు ప్యాకుల పెట్టెలో కలెక్షన్ సెంటరు నుంచి శాంపిళ్లు వచ్చాయి. ఒకాయనది మిషన్‌లో పెడితే హిమోగ్లోబిన్ 11.2, ఆర్‌బీసీ 1.48, పీసీవీ 17.5, ఎంసీహెచ్‌సీ 64. ఎంసీహెచ్‌సీ అంటే కణం లోపల హిమోగ్లోబిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె. 31 నుంచి 35 మధ్య ఉంటుంది. కణంలో అంతకన్నా చాలా ఎక్కువ పట్టే చోటే లేదు, 64 అసలు ప్రపంచంలో ఉండదు. ట్యూబును వెలుతురుకు పెట్టి వంచితే గోడకు ఇసుక రేణువుల్లా అంటుకున్న ఎర్రటి గుంపులు. చలికి కణాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మిషన్ ఒక గుంపునంతా ఒక్క పెద్ద కణంగా లెక్కపెట్టింది. ట్యూబును 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి మళ్లీ నడిపాం. హిమోగ్లోబిన్ అదే 11.2, ఆర్‌బీసీ 3.70, పీసీవీ 33.5, ఎంసీహెచ్‌సీ 33.4. ఆ మొదటి కాగితమే ఇంటికి వెళ్లి ఉంటే ఆ ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. మీ రిపోర్టులో ఎంసీహెచ్‌సీ 37 దాటి కనిపిస్తే శాంపిల్ సంగతి ఒకసారి అడగండి. కొన్ని అరుదైన జబ్బుల్లో కాస్త పెరుగుతుంది గానీ ముందు అనుమానించాల్సింది ట్యూబునే.

అసలు కథ చెప్పే వరుస: ఎంసీవీ

నన్నడిగితే హిమోగ్లోబిన్ తక్కువ వచ్చిన రిపోర్టులో అందరికన్నా ఎక్కువ కబుర్లు చెప్పేది ఎంసీవీ. సగటున ఒక కణం సైజు అది. 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు మామూలు. ఆ ఫెమ్టోలీటరు ఎంతో మీకు అక్కర్లేదు, అంకె చాలు. రిపోర్టులో లేకపోయినా మీరే కట్టుకోవచ్చు: పీసీవీని పదితో హెచ్చవేసి ఆర్‌బీసీతో భాగించండి. దాని కింది ఎంసీహెచ్ ఒక్కో కణంలో ఎంత హిమోగ్లోబిన్ ఉందో చెబుతుంది. 27 నుంచి 32 పైకోగ్రాములు. ఎంసీవీ తగ్గితే అదీ తగ్గుతుంది, వేరుగా తలనొప్పి పడక్కర్లేదు. ఆర్‌డీడబ్ల్యూ మాత్రం చూడాలి. కణాలన్నీ ఒకే సైజులో ఉన్నాయా, చిన్నా పెద్దా కలిసి ఉన్నాయా అన్నది అది. 14.5 దాటితే కలగాపులగం.

ఎంసీవీ 80 కన్నా తక్కువైతే కణాలు చిన్నవి. మన రాష్ట్రాల్లో దీనికి మొదటి కారణం ఐరన్ లోపమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా! అందులో అంతా ఐరన్ లోపమే కాదు గానీ పెద్దవాటా దానిదే.

ఐరన్ లోపం కాగితం మీద ఇలా ఉంటుంది: హిమోగ్లోబిన్ 8.6, ఆర్‌బీసీ 4.02, పీసీవీ 28.5, ఎంసీవీ 70.9, ఎంసీహెచ్ 21.4, ఆర్‌డీడబ్ల్యూ 18.9. రక్తం బొట్టును గాజుపలక మీద పలచగా పరిచి (దీన్నే స్మియర్ అంటారు) మైక్రోస్కోపులో చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. మామూలు ఎర్రకణం చిల్లు లేని గారెలా ఉంటుంది, నడుమ వేలితో నొక్కినట్టు మూడోవంతు పాలిపోయి. ఐరన్ లేని కణంలో ఆ పాలిపోయిన భాగం అంచుల దాకా పాకిపోతుంది, చుట్టూ ఎర్రటి దారం ఒకటే మిగులుతుంది. అక్కడక్కడా పెన్సిల్‌లా సాగిన కణాలు.

దీన్ని ఖాయం చేసుకోవడానికి ఫెరిటిన్ పరీక్ష ఉంది. ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంతో చెప్పేది అది. పెద్దవాళ్లలో 15 కన్నా తక్కువైతే డబ్బా ఖాళీ. చాలామంది డాక్టర్లు 30 లోపున్నా లోపంగానే చూస్తారు. జ్వరం, వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఊరికే పెరుగుతుంది. కాబట్టి జ్వరంలో చేయించి "ఫెరిటిన్ బాగానే ఉంది" అనుకోవద్దు.

ఐరన్ తక్కువ అని తేలాక చాలామంది మాత్రలు తెచ్చుకుని అక్కడితో ఆపేస్తారు. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఆ ఐరన్ ఎక్కడికి పోయింది? వయసులో ఉన్న ఆడవాళ్లకు నెలసరి ఎక్కువ కావడం, వెంట వెంటనే కాన్పులు. చెప్పుల్లేకుండా పొలం పని చేసేవాళ్లకు కొంకిపురుగులు. యాభై దాటిన మగమనిషికి, నెలసరి ఆగిపోయిన ఆడమనిషికి ఐరన్ లోపం వచ్చిందంటే మాత్రం కడుపులోనో పేగుల్లోనో రక్తం కారుతోందేమో చూడాల్సిందే. అల్సరు కావచ్చు, ఏళ్ల తరబడి వేసుకున్న నొప్పుల మాత్రలు కావచ్చు, మొలలు కావచ్చు, పెద్దపేగు క్యాన్సర్ కూడా కావచ్చు. టానిక్ తాగి హిమోగ్లోబిన్ రెండు పాయింట్లు పెంచుకుంటే కారే కుళాయి ఆగదు.

ఇప్పుడు మా పిన్ని కాగితం. హిమోగ్లోబిన్ 10.9, ఆర్‌బీసీ 5.60, పీసీవీ 34.7, ఎంసీవీ 62, ఎంసీహెచ్ 19.5, ఆర్‌డీడబ్ల్యూ 15.2. పైనున్న ఐరన్ లోపం అంకెల పక్కన పెట్టి చూడండి. అక్కడ కణాలు చిన్నవి, సైజులు కలగాపులగం, లెక్కా పెద్దగా లేదు. ఇక్కడ కణాలు మరీ చిన్నవి, కానీ దాదాపు అన్నీ ఒకే సైజు (ఆర్‌డీడబ్ల్యూ హద్దును కొంచెమే దాటింది), లెక్క మాత్రం దండిగా. సరుకు లేక పని మందగించిన ఫ్యాక్టరీ కాదిది. చిన్న అచ్చుతో జోరుగా పోత పోస్తున్న ఫ్యాక్టరీ. బీటా థలసీమియా ట్రెయిట్ ఇలాగే ఉంటుంది. హిమోగ్లోబిన్ తయారీని తగ్గించే జన్యులోపం అమ్మానాన్నల్లో ఒకరి నుంచి రావడాన్నే ట్రెయిట్ అంటారు.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది, 1973లో మెంట్జర్ అనే డాక్టరు చెప్పింది. ఎంసీవీని ఆర్‌బీసీతో భాగించండి. 13 కన్నా తక్కువ వస్తే థలసీమియా ట్రెయిట్ వైపు, ఎక్కువ వస్తే ఐరన్ లోపం వైపు మొగ్గు. పిన్నిది 62ని 5.60తో భాగిస్తే 11. పైన చెప్పిన ఐరన్ లోపం కేసులో 17.6. ఇది అనుమానానికే, తీర్పుకు కాదు. రెండూ కలిసి ఉన్నవాళ్లలో ఈ లెక్క బోల్తా కొడుతుంది. తేల్చేది హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష. అందులో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే బీటా ట్రెయిట్ అంటారు. పిన్నికి 5.2 వచ్చింది. ఐరన్ బాగా తక్కువ ఉన్నప్పుడు ఏ2 కాస్త దిగి మోసం చేయొచ్చు కనుక కొందరు డాక్టర్లు ముందు ఐరన్ సరిచేసి అప్పుడు చేయిస్తారు. ఈమధ్యే రక్తం ఎక్కించి ఉంటే కూడా ఈ పరీక్షను నమ్మలేం, దాతల కణాలు కలిసిపోతాయి.

ట్రెయిట్ ఉన్నవాళ్లకు జబ్బేమీ లేనట్టే, నిండు నూరేళ్లు బతుకుతారు. ఫెరిటిన్ తక్కువని తేలితే తప్ప ఐరన్ అవసరమే లేదు. కానీ భార్యాభర్తలిద్దరికీ ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు థలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. నెలనెలా రక్తం ఎక్కించుకుంటూ బతకాల్సిన బతుకు అది. అందుకే పిన్ని పరీక్ష అయ్యాక మా చెల్లికి కూడా చేయించాం. దానికీ ఉంది. సంబంధం కుదిరాక జాతకాలతో పాటు అబ్బాయి సీబీపీ కూడా అడిగాం. మొదట వాళ్ల మొహాలు మాడాయి, విషయం చెబితే అర్థం చేసుకున్నారు. అబ్బాయి ఎంసీవీ 88, ఏ2 కూడా మామూలే.

సికిల్ సెల్ గురించి కూడా ఇక్కడే ఒక మాట. కొడవలి ఆకారంలో వంగిపోయే కణాల జబ్బు ఇది, మన ఏజెన్సీ గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. సీబీపీ దీన్ని పట్టలేదు, దీనికీ హెచ్‌పీఎల్‌సీయే కావాలి. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు. అడిగి చేయించుకోండి.

కణాలు పెద్దవైతే

ఎంసీవీ 100 దాటితే మొదట గుర్తుకు రావాల్సినవి బీ12, ఫోలేట్. ఉదాహరణకు ఆర్‌బీసీ 2.61, హిమోగ్లోబిన్ 9.8, పీసీవీ 29.4, ఎంసీవీ 112.6. కణాలు తక్కువ, కానీ ఒక్కోటి బూరెలా ఉబ్బి ఉంది. బీ12 మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే ఉంటుంది. పెరుగన్నమే ప్రాణంగా బతికే శాకాహారులకు కూడా తరచూ తగ్గుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకు కూడా. అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు ఉంటే షుగరు వల్లే అని సరిపెట్టుకోకుండా బీ12 చూపించుకోవాలి. తాగుడు అలవాటు, లివరు జబ్బు, థైరాయిడ్ తగ్గడం కూడా ఎంసీవీని పెంచుతాయి. రోజూ తాగే మనిషి "మానేశాను" అన్నా ఎంసీవీ 104 చూసి మేం లోలోపల నవ్వుకున్న సందర్భాలున్నాయి. కాకపోతే నిజంగా మానేసినా కణాలన్నీ మారడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, తొందరపడి నిందించకూడదు.

ఫోలిక్ యాసిడ్ అంటే ఒక తెలుగువాణ్ణి తలుచుకోకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బులో ఒంటికి ఫోలేట్ పట్టదు. అమెరికాలో లెడర్లీ ల్యాబుల్లో ఆయన నడిపించిన బృందమే 1940ల్లో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసి చూపింది. ఇవాళ మన పీహెచ్‌సీల్లో గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ పక్కన ఉన్న 500 మైక్రోగ్రాములు అదే.

ఒక మెలిక: ఐరనూ, బీ12 రెండూ తక్కువైతే చిన్న కణాలు, పెద్ద కణాలు కలిసి సగటు 88 దగ్గర అమాయకంగా కూర్చుంటుంది. అక్కడ ఆర్‌డీడబ్ల్యూ 19, 20 చూపించి గుట్టు రట్టు చేస్తుంది. ఎంసీవీ నార్మల్‌గా ఉన్నా ఆర్‌డీడబ్ల్యూ చూడమనేది ఇందుకే.

సైజు మామూలే, లెక్కే తక్కువ

ఎంసీవీ 80-100 మధ్యే ఉండి, హిమోగ్లోబిన్, ఆర్‌బీసీ రెండూ తగ్గితే తయారీ ఆజ్ఞలోనో, మజ్జలోనో లోపం ఉండొచ్చు. ఇటీవల రక్తం పోయి ఉండొచ్చు. కణాలు తొందరగా పగిలిపోతుండొచ్చు. కిడ్నీ నుంచి వచ్చే హార్మోను గురించి చెప్పాను కదా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడేవాళ్ల రిపోర్టుల్లో కనిపించే రక్తహీనత ఎక్కువగా ఈ తీరే. ఎన్ని దానిమ్మలు తిన్నా అది పెరగదు, ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్ కావాలి. కాబట్టి ఈ రకం వస్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ తప్పకుండా చూడాలి. దానితో పాటు రెటిక్ కౌంట్ అడగండి. అప్పుడే పుట్టిన పిల్ల కణాల శాతం అది, 0.5 నుంచి 2.5 మామూలు. రక్తం తక్కువున్నా రెటిక్ పెరగలేదంటే ఫ్యాక్టరీ పనిచేయడం లేదు. బాగా పెరిగిందంటే ఫ్యాక్టరీ ఒళ్లు వంచి పనిచేస్తోంది, కణాలే ఎక్కడో పోతున్నాయి. కళ్లు పచ్చగా ఉండి రెటిక్ పెరిగితే కణాలు పగులుతున్నాయని అనుమానం. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా కలిసి పడిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా రక్తరోగాల డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఎక్కువ వస్తే మంచిదేనా?

"నా రక్తం 18 పాయింట్లు" అని మీసం మెలేసిన వాళ్లను చూశాను. ఎక్కువైనా ఇబ్బందే. రక్తం చిక్కబడితే గడ్డకట్టే ముప్పు. నీళ్లు తక్కువ తాగి, ఎండలో తిరిగొచ్చి రక్తం ఇచ్చినా కాస్త పెరుగుతుంది. బాగా నీళ్లు తాగి వారం తరువాత మళ్లీ చేయిస్తే దిగిపోతుంది. సిగరెట్లు తాగేవాళ్లలో, పాత ఊపిరితిత్తుల జబ్బుల్లో, గట్టిగా గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగేవాళ్లలో, జిమ్ కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో నిజంగానే పెరుగుతుంది. ఇవేవీ లేకుండా మగవాళ్లకు 16.5, ఆడవాళ్లకు 16 దాటి మళ్లీ మళ్లీ వస్తుంటే జేఏకే2 అనే జన్యుపరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడాలి. పాలిసైథీమియా వెరా అనే మజ్జ జబ్బు అలా బయటపడుతుంది.

డెంగీ దగ్గర మాత్రం పీసీవీ పెరగడం వేరే కథ. వానాకాలం వచ్చిందంటే ఇంటింటా ప్లేట్‌లెట్ల లెక్కే. కానీ డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు రక్తనాళాల నుంచి నీటిభాగం బయటికి కారిపోవడం. దాన్ని పట్టిచ్చేది పీసీవీ. మొదటి రోజు 38 ఉన్నది 46 అయిందంటే 20 శాతం దాటి పెరిగినట్టు, ప్రమాద సంకేతం. జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే ఇది జరుగుతుంది. బొప్పాయి ఆకు రసం గురించి వాదించుకునే బదులు రోజూ రెండు అంకెలు, ప్లేట్‌లెట్లు, పీసీవీ, ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి.

మందు మొదలెట్టాక

ఐరన్ నిజంగా తక్కువై మాత్రలు పనిచేస్తుంటే వారం పది రోజుల్లో రెటిక్ పెరుగుతుంది, మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్ర సరిగా వేసుకోవడం లేదు, రక్తం ఇంకా పోతోంది, లేదా రోగనిర్ణయమే తప్పు. హిమోగ్లోబిన్ 12కి రాగానే ఆపేయకూడదు. దాచుకునే డబ్బా కూడా నిండాలి కనుక సాధారణంగా ఇంకో మూడు నెలలు వాడమంటారు. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర దగ్గర్లో ఉండకూడదు. నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. విరోచనం నల్లగా రావడం మామూలే. మాత్రలు వేసుకోకుండానే తారులా నల్లగా, జిగటగా వస్తే మాత్రం అది లోపల రక్తం కారుతున్న గుర్తు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందన్నది రంగు చూసి చెప్పిన మాట. అందులో ఐరన్ చాలా తక్కువ. మాంసాహారులకు మేక కార్జం, మిగతావాళ్లకు ఆకుకూరలు, పప్పులు, పైన నిమ్మకాయ పిండుకోవడం నయం. బాగా తగ్గిపోయినప్పుడు తిండి ఒక్కటే చాలదు, అది కూడా చెప్పాలి.

హిమోగ్లోబిన్ 7 లోపు వచ్చినా, అంకె ఎంతైనా సరే కూర్చున్నచోటే ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉన్నా కాగితాలు చదువుతూ కూర్చోవద్దు, బయల్దేరండి. ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గినవాళ్లు 6 దగ్గర కూడా ఇంటిపని చేసుకుంటూ ఉంటారు. బాగానే ఉన్నానంటే నమ్మకండి.

పాత రిపోర్టులు పారేయకండి. మీ అంకెను ల్యాబు హద్దుతో పోల్చడం కన్నా పోయినేడు మీ అంకెతోనే పోల్చడం నయం. ఎప్పుడూ 15.5 ఉండే మగమనిషికి ఇప్పుడు 13.2 వస్తే కాగితం నార్మల్ అంటుంది, కానీ రెండు గ్రాములు ఎక్కడికో పోయాయి. మా పిన్ని కవరు ఇప్పటికీ చీరల కిందే ఉంది. కాకపోతే దాని మీద నల్ల మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాం: "బీటా థలసీమియా ట్రెయిట్. ఏ2 5.2. ఫెరిటిన్ చూడకుండా ఐరన్ ఇవ్వొద్దు." కొత్త డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆవిడ నోరు తెరవకుండా ముందు ఆ కవరే బల్ల మీద పెడుతుంది.